పీల్చిన రేడియోధార్మిక వాయువు నుంచి రోగికి ఎంత డోస్ అందింది: లెక్క ఎలా కట్టాలి

నెబ్యులైజర్‌లో 25 మిల్లీక్యూరీల టెక్నీషియం డీటీపీఏ (ఊపిరితిత్తుల స్కాన్ కోసం తుంపరగా పీల్పించే రేడియోధార్మిక మందు) పోశాం కాబట్టి రోగి 25 మిల్లీక్యూరీలు పీల్చినట్టే అనుకుని రిజిస్టర్‌లో అదే రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 25 మిల్లీక్యూరీలంటే 925 మెగాబెకరెళ్ళు (రెండూ రేడియోధార్మికతకి కొలతలే). ఊపిరితిత్తుల్లోకి నిజంగా దిగేది మామూలుగా అందులో 20 నుంచి 40 మెగాబెకరెళ్ళే. మిగతాదంతా కప్పులో, ట్యూబుల్లో, ఫిల్టర్‌లో ఉండిపోతుంది. పోసిన అంకెతో లెక్క కడితే రోగికి ఐదున్నర మిల్లీసీవర్టులు (శరీరానికి మొత్తంగా అందే డోస్ కొలత) వస్తాయి. దిగిన అంకెతో కడితే 0.2 దగ్గరే ఉంటుంది. ఒకే మనిషి, ఒకే స్కాన్, తేడా మాత్రం పాతిక ముప్ఫై రెట్లు.

వైజాగ్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో కొత్తగా చేరే టెక్నాలజిస్టుల కోసం, ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి ఆసుపత్రి వైపు రావాలనుకునేవాళ్ళ కోసం, కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో పీజీ చేస్తూ వీ-క్యూ స్కాన్ (ఊపిరితిత్తుల్లో గాలి చేరడాన్ని, అంటే వెంటిలేషన్‌ని, రక్తం పారడాన్ని, అంటే పర్ఫ్యూజన్‌ని చూపేది) రాసే డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. కాలిక్యులేటర్, గామా కెమెరా, డోస్ కాలిబ్రేటర్ (మందులోని రేడియోధార్మికత కొలిచే యంత్రం) ఉంటే చాలు. మనసులో పెట్టుకోవాల్సిన ప్రశ్నలు రెండే: లోపలికి ఎంత చేరింది? అక్కడ ఎంతసేపు ఉంది?

1. ఏం పీల్చారో ముందు రాసుకోండి

"గ్యాస్ ఇచ్చాం" అని రాస్తే సరిపోదు. వెంటిలేషన్ స్కాన్‌లో వాడేవన్నీ వాయువులు కావు.

గ్జినాన్-133 అసలైన వాయువు. అర్ధాయువు 5.2 రోజులు, 81 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా, దాంతోపాటు బీటా. క్రిప్టాన్-81ఎం కూడా వాయువే, కానీ అర్ధాయువు 13 సెకన్లు. దాన్ని ఇచ్చే రుబీడియం-81 జనరేటర్ అర్ధాయువే నాలుగున్నర గంటలు కాబట్టి, సైక్లోట్రాన్ దగ్గర్లో లేని ఊళ్ళో దాని మీద ఆధారపడలేం. డీటీపీఏ ఏరోసాల్ అంటే గాలిలో తేలే సన్నటి నీటి తుంపర. ముంబైలోని బ్రిట్ (కేంద్ర అణుశక్తి విభాగం కింది రేడియోఐసోటోపుల సంస్థ) నుంచి వచ్చే మాలిబ్డినం-టెక్నీషియం జనరేటర్, డీటీపీఏ కిట్ ఉన్నచోట అందరికీ అందుబాటులో ఉండేది ఇదే. టెక్నెగ్యాస్ పేరులో గ్యాస్ ఉన్నా అది వాయువు కాదు. ఆర్గాన్‌లో గ్రాఫైట్ మూసను రెండున్నర వేల డిగ్రీలు దాటించి వేడి చేస్తే పుట్టే అతి సూక్ష్మమైన కర్బన రేణువులు అవి, టెక్నీషియం వాటిలో ఉంటుంది.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, వాయువు వచ్చిన దారినే ఊపిరితో బయటికి పోతుంది. తుంపర రక్తంలోకి ఇంకి కిడ్నీల గుండా మూత్రంలో పోతుంది. కర్బన రేణువు ఎక్కడ వాలిందో అక్కడే ఉంటుంది.

2. ఊపిరితిత్తుల్లోకి ఎంత చేరిందో కొలవండి

ఈ మెట్టు మీద టైమ్ పెట్టండి. మిగతాదంతా గుణకారమే.

పీల్చిన దాన్ని డోస్ కాలిబ్రేటర్‌లో పెట్టి కొలవలేం కదా. ఎలాగూ అదే రోగికి పర్ఫ్యూజన్ కోసం ఎంఏఏ (టెక్నీషియం అంటించిన ప్రొటీన్ రేణువులు) ఇంజెక్షన్ ఇస్తాం. సిరంజిలో ఎంత ఉందో ఇంజెక్షన్‌కి ముందు, తర్వాత కొలిస్తే ఒంట్లోకి ఎంత వెళ్ళిందో కచ్చితంగా తెలుస్తుంది. అందులో దాదాపు 95 శాతం ఊపిరితిత్తుల్లోనే ఆగుతుంది. అంటే ఆ రోగి ఛాతీ మందం, ఆ కెమెరా సున్నితత్వం అన్నీ కలిసొచ్చిన కాలిబ్రేషన్ మన చేతిలోనే ఉంది.

చేసే వరస ఇది. పీల్చడం అవగానే రోగి వీపు వైపు నుంచి ఒక నిమిషం కౌంట్ తీయండి. ఎంఏఏ ఇవ్వబోయే ముందు మరొకటి తీయండి. ఎంఏఏ ఇచ్చాక మూడోది. మూడింటికీ అదే కాలిమేటర్ (కెమెరా ముందుండే సీసపు జల్లెడ), అదే దూరం, అదే భంగిమ ఉండాలి.

లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. పీల్చిన వెంటనే సెకనుకి 1,120 కౌంట్లు. పావుగంట తర్వాత, ఎంఏఏకి ముందు, 915. ఎంఏఏ తర్వాత రెండూ కలిపి 5,140. సిరంజిలో ముందు 122 మెగాబెకరెళ్ళు, తర్వాత మిగిలింది 4.

ఒంట్లోకి వెళ్ళిన ఎంఏఏ 118. అందులో 95 శాతం అంటే 112 మెగాబెకరెళ్ళు ఊపిరితిత్తుల్లో ఉన్నాయి. వాటి కౌంట్ 5,140 – 915 = 4,225. కాబట్టి ఒక్కో మెగాబెకరెల్‌కి 4,225 ÷ 112 = 37.7 కౌంట్లు. ఇక పీల్చినది 1,120 ÷ 37.7 = 29.7. అంటే 30 మెగాబెకరెళ్ళు.

కౌంట్ తీసేటప్పుడు ఊపిరితిత్తుల చుట్టూ మాత్రమే గీత గీయండి. ఇమేజ్‌లో గొంతు దగ్గర, పొట్ట దగ్గర మెరుపు కనిపిస్తే అది ఉమ్ముతో మింగినది. కట్టుడు పళ్ళు తీసేసిన పెద్దవాళ్ళలో పెదాలు మౌత్‌పీస్ చుట్టూ సరిగా బిగవవు. పక్కనుంచి తుంపర కారుతుంది, బుగ్గల మీద, కాలర్ మీద పడుతుంది. ఆ చొక్కా మీది కౌంట్లు కూడా ఛాతీ కౌంట్లలా కనిపిస్తాయి. అనుమానం ఉంటే చొక్కా మార్పించి మళ్ళీ తీయండి.

డోస్ కాలిబ్రేటర్ మిల్లీక్యూరీల్లో చూపిస్తుంటే 37తో గుణించి మెగాబెకరెళ్ళలోకి మార్చాకే ముందుకు వెళ్ళండి. మధ్యలో యూనిట్లు కలగాపులగం చేస్తే తప్పు ఎక్కడుందో తర్వాత దొరకదు.

3. ఎంతసేపు ఉందో లెక్క కట్టండి

పనిదినాల లెక్క అందరికీ తెలుసు. పది మంది మూడు రోజులు చేసినా, ముప్ఫై మంది ఒక్క రోజు చేసినా ముప్ఫై పనిదినాలే. ఇక్కడ మెగాబెకరెల్-గంటలు అలాంటివే. డోస్‌ని నిర్ణయించేది ఆ మొత్తం.

మందు రెండు రకాలుగా తగ్గుతుంది. ఒకటి, తనంతట తాను విఘటనం చెందడం. టెక్నీషియం-99ఎంకి భౌతిక అర్ధాయువు 6 గంటలు. రెండు, శరీరం దాన్ని బయటికి పంపడం. ఇది జీవ అర్ధాయువు. రెండూ కలిస్తే వచ్చేది ప్రభావ అర్ధాయువు: రెండింటి లబ్ధాన్ని రెండింటి మొత్తంతో భాగించాలి.

మన రోగిలో దీన్ని ఊహించాల్సిన పనే లేదు, కొలిచేశాం. పావుగంటలో 1,120 నుంచి 915కి పడింది. 1,120 ÷ 915 = 1.224, దాని సహజ లాగరిథం 0.202. ప్రభావ అర్ధాయువు = 0.693 × 15 ÷ 0.202 = 51 నిమిషాలు, అంటే 0.86 గంట. ఇందులోంచి భౌతిక అర్ధాయువు వాటా తీసేస్తే జీవ అర్ధాయువు దాదాపు గంట. పొగ తాగని ఆరోగ్యవంతుల్లో డీటీపీఏకి ఇంచుమించు ఇంతే ఉంటుంది, గంట నుంచి గంటా ఇరవై నిమిషాలు.

పొగ తాగేవాళ్ళలో ఇది సగానికి కూడా పడిపోతుంది, ఎందుకంటే వాళ్ళ గాలి గదుల గోడలు డీటీపీఏని త్వరగా రక్తంలోకి వదిలేస్తాయి. కాబట్టి పొగ అలవాటు గురించి తప్పకుండా అడగండి. ఆడవాళ్ళని అడగడం మానేయకండి. మన తీరం వెంబడి పల్లెల్లో, శ్రీకాకుళం దాకా, నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. "సిగరెట్ తాగుతావా అమ్మా?" అంటే లేదంటారు, అది నిజమే కూడా. "చుట్ట కాలుస్తావా?" అని అడగాలి.

ఇప్పుడు మొత్తం: 30 × 1.443 × 0.86 = 37 మెగాబెకరెల్-గంటలు. (1.443 అంటే 1 ÷ 0.693. అర్ధాయువుని సగటు ఆయువుగా మార్చే అంకె.)

ఇదే 30 మెగాబెకరెళ్ళు టెక్నెగ్యాస్ అయ్యుంటే? రేణువులు కదలవు కాబట్టి భౌతిక అర్ధాయువొక్కటే లెక్క. 30 × 1.443 × 6 = 260. పీల్చింది అంతే, లోపల గడిపిన కాలం ఏడు రెట్లు. వెంటిలేషన్ స్కాన్ డోస్ గురించి ఒకే ఒక్క విషయం గుర్తుంచుకోవాలంటే నేనైతే దీన్నే గుర్తుంచుకోమంటాను.

4. మిల్లీగ్రేలలోకి మార్చండి

1968 నుంచి అమెరికా న్యూక్లియర్ మెడిసిన్ సొసైటీ వారి ఎంఐఆర్‌డీ కమిటీ చూపిన పద్ధతి ఇది: మెగాబెకరెల్-గంటలని ఎస్ విలువతో (ఒక్క మెగాబెకరెల్-గంట వల్ల అవయవానికి అందే డోస్‌తో) గుణిస్తే అవయవానికి అందిన డోస్ వస్తుంది. టెక్నీషియం-99ఎం ఊపిరితిత్తుల్లో ఉండి ఊపిరితిత్తులకే ఇచ్చే ఎస్ విలువ, ఒక మెగాబెకరెల్-గంటకి 0.014 మిల్లీగ్రే.

ఈ 0.014ని గుడ్డిగా నమ్మక్కర్లేదు, చేత్తో సరిచూసుకోవచ్చు. ఒక మెగాబెకరెల్-గంట అంటే 360 కోట్ల విఘటనలు. ఒక్కో విఘటనలో టెక్నీషియం సగటున 16 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని చిన్న ఎలక్ట్రాన్లుగా వదులుతుంది, అవి పుట్టినచోటే ఆగిపోతాయి. మొత్తం కలిపితే 0.0000092 జౌళ్ళు. ప్రామాణిక ఊపిరితిత్తుల బరువు ఒక కిలో. కాబట్టి 0.009 మిల్లీగ్రే (కిలోకి ఒక జౌల్ అయితే ఒక గ్రే). మిగతా 0.005 గామా కిరణాల్లో కొంత లోపలే ఆగడం వల్ల వచ్చేది. మనం ఇమేజ్ తీసే 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాలో ఎక్కువ భాగం ఒంట్లో ఆగకుండా బయటికొచ్చేస్తుంది. ఊపిరితిత్తులకి డోస్ ఇచ్చేదాంట్లో పెద్ద వాటా కెమెరాకి కనిపించని ఎలక్ట్రాన్లదే.

మన రోగికి: 37 × 0.014 = 0.52 మిల్లీగ్రే. టెక్నెగ్యాస్ అయితే 260 × 0.014 = 3.6 మిల్లీగ్రే.

ఒక కిలో అన్నది 70 కిలోల మగమనిషి నమూనా. 45 కిలోల సన్నటి మనిషికి ఊపిరితిత్తులు 750 గ్రాములే అనుకుంటే 0.52ని 0.75తో భాగించండి, 0.7 వస్తుంది. అలాగే సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ళలో తుంపర పెద్ద శ్వాసనాళాల దగ్గరే గుట్టగా పడుతుంది. అక్కడ డోస్ సగటు కంటే బాగా ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఇమేజ్‌లో అలాంటి మచ్చలు కనిపిస్తే "సగటు మాత్రమే" అని పక్కన రాయండి.

డీటీపీఏకి ఇంకో మాట. ఊపిరితిత్తుల నుంచి వెళ్ళింది మూత్రాశయంలో చేరుతుంది. అందుకే ఇందులో ఎక్కువ డోస్ పడేది మూత్రాశయం గోడకి, దాదాపు 1.4 మిల్లీగ్రే. స్కాన్ తర్వాత నీళ్ళు బాగా తాగించి, గంట గంటకీ బాత్రూమ్‌కి వెళ్ళమనడానికి కారణం ఇదే.

5. మిల్లీసీవర్టులు, సరిచూసుకోవడం

ఐసీఆర్‌పీ అనే అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంస్థ 2015లో వెలువరించిన 128వ నివేదికలో ఈ మందులన్నిటికీ గుణకాలు ఉన్నాయి. పెద్దవాళ్ళకి ఒక మెగాబెకరెల్‌కి మిల్లీసీవర్టుల్లో చూస్తే టెక్నెగ్యాస్‌కి 0.015, త్వరగా ఇంకే డీటీపీఏ ఏరోసాల్‌కి సుమారు 0.006, ఎంఏఏకి 0.011, ఐదు నిమిషాలు తిరిగి తిరిగి పీల్చిన గ్జినాన్-133కి సుమారు 0.0007, క్రిప్టాన్-81ఎంకి 0.000027.

టెక్నెగ్యాస్: 30 × 0.015 = 0.45 మిల్లీసీవర్టు. మన చేతిలెక్క దీనితో కలుస్తుందా? ఊపిరితిత్తుల కణజాల భారం (శరీరం మొత్తం డోస్ లెక్కలో ఆ అవయవానికి ఇచ్చే వాటా) 0.12. 3.6 × 0.12 = 0.43. కలిసింది. ఇలా రెండు దారుల్లో వెళ్ళి ఒకే చోటికి చేరితేనే లెక్క మీద భరోసా వస్తుంది. రెట్టింపు తేడా వస్తే యూనిట్లో, పీల్చిన అంకెలో తప్పుందని అర్థం.

డీటీపీఏ: 30 × 0.006 = 0.18. ఎంఏఏ: 118 × 0.011 = 1.3. చూశారా, అందరూ భయపడేది పీల్చేదానికి, ఎక్కువ డోస్ ఇచ్చేది చేతికి పొడిచే ఇంజెక్షన్. పీల్చేదాన్ని దాని నాలుగో వంతుకి అదుపులో పెడితే పర్ఫ్యూజన్ ఇమేజ్ చెడదు, డోస్ కూడా పెరగదు.

దశాంశం తర్వాత నాలుగు అంకెలు రాయకండి. 0.4478 అని రాస్తే లేని కచ్చితత్వం చూపించినట్టే. 0.4 లేదా 0.5 అంటే చాలు. ఈ మిల్లీసీవర్టు ఒక నమూనా మనిషికి వేసిన అంచనా. ఫలానా ఆయనకి క్యాన్సర్ వచ్చే అవకాశం ఇంత అని చెప్పడానికి దీన్ని వాడకూడదు. పిల్లలకి గుణకాలు చాలా పెద్దవి, పెద్దల అంకెలు వాళ్ళకి వేయకండి.

గ్జినాన్ అయితే

ఇక్కడ లెక్క మూసి ఉన్న వలయంలోని గాలితో మొదలవుతుంది. 400 మెగాబెకరెళ్ళు వదిలారు, యంత్రంలో 6 లీటర్లు, ఊపిరితిత్తుల్లో 4 లీటర్ల గాలి ఉందనుకుంటే లీటరుకి 40. రోగి లోపల ఏ క్షణమైనా 160 మాత్రమే. దాన్ని ఐదు నిమిషాలతో గుణించండి. తర్వాత బయటికి పోయే దశ, ఆరోగ్యవంతుల్లో నిమిషం లోపే సగమవుతుంది. గాలి చిక్కుకుపోయే జబ్బుల్లో చాలా ఆలస్యమవుతుంది, అప్పుడు కౌంట్లు చూసే లెక్క కట్టాలి. గ్జినాన్ కొవ్వులో ఇష్టంగా కరుగుతుంది కాబట్టి స్థూలకాయుల్లో కొంత వెనక్కి ఉండిపోతుంది. మొత్తం మీద 400 × 0.0007 = 0.28 మిల్లీసీవర్టు. వదిలింది పది రెట్లకి పైగా ఎక్కువైనా టెక్నెగ్యాస్ కంటే తక్కువే, ఎందుకంటే అది లోపల ఆగదు.

రోగికి చెప్పేటప్పుడు

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైన రోజు ఈ ఊరు మర్చిపోలేదు. గోపాలపట్నం వైపు నుంచి వచ్చిన మనిషితో "గ్యాస్ పీల్చాలండీ" అని అంటే టెన్షన్ పడతారు, ఆ టెన్షన్‌ని తేలిగ్గా తీసుకోకండి. ఇది విషవాయువు కాదని, బరువులో చూస్తే కంటికి ఆననంత మందు అని, ఎంతసేపట్లో పోతుందో ముందే కూర్చోబెట్టి చెప్పండి. తర్వాత అంకె చెప్పండి. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. అందులో సగం గాలిలోని రాడాన్, దాని సంతతి పీల్చడం వల్లే. భీమిలి ఇసుకలో మోనజైట్, దాంట్లో థోరియం ఉందని మనవాళ్ళకి తెలిసిందే. మన రోగికి ఏరోసాల్, ఇంజెక్షన్ కలిపి ఒకటిన్నర మిల్లీసీవర్టు. ఏడాదిలో ప్రకృతి ఇచ్చేదానికంటే తక్కువ. ఈ మాట ఇలాగే చెబితే చాలామందికి అర్థమవుతుంది.

గర్భిణి అయితే డాక్టరుతో మాట్లాడి తక్కువ ఎంఏఏతో పర్ఫ్యూజన్ ఒక్కటే ముందు తీయండి. అది నార్మల్‌గా ఉంటే వెంటిలేషన్ అవసరమే రాదు.

6. గదిలో నిలబడే మీకు ఎంత?

రోగికి డోస్ పరిమితి అంటూ లేదు, అవసరమా కాదా అన్నదే ప్రశ్న. మీకు మాత్రం ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితి ఉంది: ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. టీఎల్‌డీ బ్యాడ్జి (మీరు పెట్టుకునే రేడియేషన్ కొలత బిళ్ళ) బయటి నుంచి తగిలేదాన్నే చూపిస్తుంది. మీరు పీల్చింది దానికి తెలియదు. కాబట్టి లెక్క మీరే కట్టాలి.

గది 5 × 4 × 3 మీటర్లు, అంటే 60 ఘనపు మీటర్లు. మౌత్‌పీస్ జారి 10 మెగాబెకరెళ్ళ టెక్నెగ్యాస్ గాలిలో కలిసిందనుకోండి. ఘనపు మీటరుకి 0.17. తేలికపాటి పనిలో మనం గంటకి 1.2 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాం. పది నిమిషాలు ఉంటే 0.2 ఘనపు మీటరు, అందులో 0.033 మెగాబెకరెల్. అంతా లోపలే ఉండిపోయిందనుకున్నా 0.033 × 0.015 = 0.0005 మిల్లీసీవర్టు. ఒక్కసారికి ఇది చాలా చిన్నది. రోజూ జరుగుతుంటే, గది తలుపులు మూసి ఉంటే కూడుతూ పోతుంది.

మన దగ్గర ఎక్కువగా చూసే పొరపాటు స్ప్లిట్ ఏసీ. అది గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటికి పంపదు. ఎగ్జాస్ట్ విడిగా ఉండాలి, గది లోపలి ఒత్తిడి కారిడార్ కంటే తక్కువగా ఉండాలి. ఒక సన్నటి టిష్యూ పేపర్ తలుపు కింది సందు దగ్గర పట్టుకోండి. అది గది లోపలికి వంగితే సరే, బయటికి వంగితే స్కాన్ ఆపి ఇంజనీర్‌ని పిలవండి. గ్జినాన్ గాలి కంటే బరువు కాబట్టి దానికి ఎగ్జాస్ట్ నేలకి దగ్గర్లో ఉండాలి. గ్జినాన్‌ని పట్టే బొగ్గు ట్రాప్ తేమ తగిలితే పని చేయడం తగ్గుతుంది. సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో, ముఖ్యంగా వానాకాలంలో, ట్రాప్‌లోని తేమ పీల్చే గుళికలు రంగు మారాయేమో ప్రతి స్కాన్‌కి ముందు చూసి, మారితే వెంటనే మార్చండి.

రిజిస్టర్‌లో ఏం రాయాలి

మందు పేరు, నెబ్యులైజర్‌లోనో మూసలోనో పోసింది, ఊపిరితిత్తుల్లో కొలిచింది (రెండూ వేర్వేరు గడుల్లో), మూడు కౌంట్లు వాటి టైమ్‌తో సహా, ప్రభావ అర్ధాయువు కొలిచిందా ఊహించిందా, ఊపిరితిత్తుల మిల్లీగ్రే, మొత్తం మిల్లీసీవర్టు, వాడిన గుణకం ఏ నివేదికలోది, రోగి బరువు, పొగ అలవాటు. లెక్క కట్టినవాళ్ళ సంతకం పక్కన, మళ్ళీ సరిచూసినవాళ్ళ సంతకం కూడా ఉండాలి. ఆ రెండో సంతకం రేడియేషన్ భద్రతాధికారి, అంటే ఆర్‌ఎస్‌ఓది అయితే మంచిది.